కౌంటర్ ముందు క్యూ, ఫోన్‌లో తెరవని లింకు: రెండూ ఒకే ప్రాజెక్టుగా ఎలా చేయాలి

ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేసేవాళ్లు ప్రాజెక్టు టాపిక్ కోసం వచ్చినప్పుడు ఎక్కువగా రెండు రకాలవి పట్టుకొస్తారు. ఒకటి, ఫలానా యూనిట్‌లో రిజెక్షన్లు తగ్గించడం, అంటే ప్రాసెస్ క్వాలిటీ. రెండోది, ఫలానా యాప్‌ని కస్టమర్లు ఎందుకు వాడుతున్నారు, ఎందుకు వాడట్లేదు అన్నది. మొదటిదానికి లోపాలు తగ్గించే సిక్స్ సిగ్మా టూల్స్, రెండోదానికి ఒక ప్రశ్నపత్రం, ఒకదానితో ఒకదానికి సంబంధమే లేనట్టు నడిచిపోతాయి. కొన్నేళ్లుగా ఇలాంటి ప్రాజెక్టులకి గైడ్‌గా ఉండి నేను గట్టిగా నమ్మేది ఏంటంటే, కస్టమర్ టెక్నాలజీ వాడట్లేదంటే చాలాసార్లు తప్పు కస్టమర్ దగ్గర ఉండదు, మన ప్రాసెస్‌లో ఎక్కడో ఉన్న లోపం అక్కడికి వచ్చి బయటపడుతుంది. అందుకే రెండింటినీ కలిపి చూడాలి, ఒకే బిల్లు నంబరు మీద చూడాలి.

ఎలా చేయాలో ఒక డయాగ్నోస్టిక్ ల్యాబ్‌ని పెట్టుకుని చెప్తాను. రక్తపరీక్ష చేయించుకోని ఇల్లంటూ లేదు, ప్రతి చిన్న టౌన్లో ఒక ల్యాబ్ ఉంటుంది, ఫ్యాక్టరీ గేటు పాసు కోసం తిరిగినట్టు నెలరోజులు తిరగక్కర్లేదు. మీది బైక్ సర్వీస్ సెంటరైనా, పాల సేకరణ కేంద్రమైనా పద్ధతి పెద్దగా మారదు.

ముందు ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. ఒక ల్యాబ్‌లో, పేరు అనవసరం, రిపోర్టులు ఫోన్‌కి పంపడం కొత్తగా పెట్టారు. అయినా కౌంటర్ ముందు జనం తగ్గట్లేదని, ఎందుకో చూడమని మా స్టూడెంట్‌ని పిలిచారు. నేను కూడా ఒకరోజు వెళ్లి కూర్చున్నాను. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, "అమ్మా, మావాడు మెసేజ్ పంపించాడు, రిపోర్టు ఇయ్యి" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గానే, "ఫోన్లోనే ఉంది పెద్దనాన్నా, ఆ నీలం రంగు అక్షరాల మీద నొక్కండి" అంది. నొక్కాడు. ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ వెళ్లింది బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌కి, ఎందుకంటే మొదటిసారి వచ్చినప్పుడు కొడుకు తన నంబరు చెప్పాడు. కొడుకు మీటింగ్‌లో ఉన్నాడేమో ఎత్తలేదు. చివరికి ఆ అమ్మాయే ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. సాయంత్రం సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ఆ పెద్దాయన బిల్లు ఎదురుగా "డిజిటల్‌గా అందింది" అని ఆకుపచ్చ టిక్ ఉంది.

ఆ టిక్‌ని నమ్మి థీసిస్ రాసుంటే మొత్తం తప్పయ్యేది.

సమస్యని ఒక్క వాక్యంలో, కొలిచేలా రాయండి

"సర్వీస్ క్వాలిటీ మెరుగుపరచడం" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. రెండు ప్రశ్నలుగా విడగొట్టండి. శాంపిల్ తీసిన దగ్గర్నుంచి రిపోర్టు చూసుకోవడానికి వీలయ్యేదాకా ఎంతసేపు పడుతోంది, అందులో ఎన్ని శాంపిళ్లు మళ్లీ తీయాల్సి వస్తోంది? ఇది ప్రాసెస్ వైపు. రిపోర్టు ఫోన్‌కి వెళ్లినవాళ్లలో మళ్లీ కాగితం కోసం కౌంటర్‌కి రానివాళ్లు ఎంతమంది? ఇది కస్టమర్ వైపు.

రెండోదాన్ని ఎలా అడిగానో గమనించండి. మెసేజ్ పంపామా, లింకు తెరిచారా అని అడగలేదు. కౌంటర్‌కి రావాల్సిన పని తప్పిందా అని అడిగాను. టెక్నాలజీ పెట్టింది అందుకే కాబట్టి అదే అసలు కొలత. లింకు తెరిచి, చిన్న అక్షరాలు కనపడక, మళ్లీ వచ్చి ప్రింట్ తీసుకున్న మనిషిని "వాడాడు" అని రాసుకుంటే లెక్క అందంగా ఉంటుంది గానీ క్యూ అలాగే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ టైముని నమ్మకండి, వాచీ పెట్టుకుని కూర్చోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సగానికి సగం ప్రాజెక్టులు ఇక్కడే పాడవుతాయి. స్టూడెంట్ వెళ్లి ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోంచి మూడు నెలల డేటా ఎక్సెల్‌లోకి దించుకుని వస్తాడు, వేల వరుసలుంటాయి కాబట్టి చాలా చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ టైములు ఎవరు, ఎప్పుడు, ఎలా నొక్కితే పడ్డాయో ఆలోచించడు.

మేం చూసిన చోట ఏం జరిగేదంటే, పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా పరగడుపు షుగర్ వాళ్లతో ల్యాబ్ కిటకిటలాడుతుంది, టెక్నీషియన్‌కి ఊపిరి ఆడదు. ట్యూబులు స్టాండులో పెట్టుకుంటూ పోతాడు. రద్దీ తగ్గాక స్కానర్ తీసుకుని వరసగా బీప్ బీప్‌మని అన్నిటినీ ఒకేసారి "శాంపిల్ అందింది" అని కొడతాడు. డేటాలో చూస్తే నలభై ట్యూబులు నాలుగు నిమిషాల్లో అందినట్టు కనిపిస్తుంది. అతని తప్పేం లేదు, చేతులు రెండే. కానీ ఆ డేటాతో మీరు వేసే గ్రాఫుకి అర్థం ఉండదు.

అందుకని కనీసం మూడు పొద్దుటి షిఫ్టులు, అందులో ఒక సోమవారం ఉండేలా చూసుకుని, కాగితం, వాచీ పట్టుకుని కూర్చోండి. ఒక్కో ట్యూబు వెంట వెళ్లండి. బిల్లు ఎప్పుడు కొట్టారు, సూది ఎప్పుడు పెట్టారు, ట్యూబు ఎప్పుడు లోపలికి వెళ్లింది, ట్యూబుని వేగంగా తిప్పి రక్తంలోంచి సీరం అనే ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో ఎప్పుడు పెట్టారు, మెషీన్‌లోకి ఎప్పుడెక్కింది, డాక్టర్ సంతకం ఎప్పుడైంది, మెసేజ్ ఎప్పుడు వెళ్లింది. మెసేజ్ వెళ్లిన టైముకి లింకులో పీడీఎఫ్ నిజంగా ఉందా అన్నది కూడా మీ సొంత ఫోన్‌లో తెరిచి చూడండి. మా స్టూడెంట్‌కి దొరికిన అసలు విషయం ఇదే. మెషీన్ రిజల్ట్ ఇవ్వగానే మెసేజ్ దానంతటదే వెళ్లిపోయేది, కానీ డాక్టర్ చూసి ఓకే చేసేదాకా పీడీఎఫ్ ఉండేది కాదు. మధ్యలో లింకు నొక్కినవాళ్లకి ఖాళీ పేజీ. ఒకసారి ఖాళీ పేజీ చూసిన మనిషి రెండోసారి నొక్కడు, నేరుగా బండేసుకుని వచ్చేస్తాడు. ప్రశ్నపత్రంలో అడిగితే "మాకు ఫోన్లో చూడటం రాదండీ" అంటాడు, ఎందుకంటే తప్పు తనదే అనుకుంటాడు.

మీరు కొలిచిన టైములనీ సాఫ్ట్‌వేర్ టైములనీ పక్కపక్కన పెట్టి, ఏ టైముని నమ్మొచ్చో, దేన్ని వదిలేయాలో తేల్చుకోండి. ఎన్ని వేల వరుసలున్నా నమ్మలేని కాలమ్ నమ్మలేనిదే.

ఏది లోపమో ఇద్దరూ ఒకేలా చెప్పాలి

శాంపిల్ రిజెక్ట్ అవడానికి కారణాలు ల్యాబ్ వాళ్లకి కంఠతా వచ్చు. రక్తకణాలు పగిలి సీరం ఎర్రబడటం, గడ్డకట్టకూడని ఊదారంగు మూత ట్యూబు సరిగ్గా కలపక గడ్డకట్టడం, రక్తం చాలకపోవడం, లేబుల్ మారిపోవడం, షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు బదులు వేరేదాంట్లో తీయడం. ల్యాబ్ పొరపాట్లలో ఎక్కువ భాగం మెషీన్‌లో జరిగేవి కావు, శాంపిల్ మెషీన్ దాకా వచ్చేలోపు జరిగేవే, ఇది ఆ రంగంలో అందరికీ తెలిసిన విషయం.

కానీ సీరం ఎంత ఎర్రగా ఉంటే "ఎర్రబడింది" అనాలి? ఒకరు వద్దన్న ట్యూబుని ఇంకొకరు పర్లేదంటారు. కాబట్టి ఒక 30 ట్యూబులు తీసుకుని ఇద్దరు టెక్నీషియన్లకి విడివిడిగా చూపించి, ఉంచాలా తీసేయాలా అని రాయించండి. ఇద్దరి మాట ఎంతవరకు కలిసిందో కోహెన్ కప్పా అనే కొలతతో లెక్క కట్టండి, ఎక్సెల్‌లో పది నిమిషాల పని. బాగా తక్కువొస్తే ముందు రంగుల కార్డు ఒకటి గోడకి అంటించి, దాన్ని చూసి చెప్పడం అలవాటు చేయించి, ఆ తర్వాతే డేటా మొదలుపెట్టండి. ఈ పని చేయకుండా రిజెక్షన్ తగ్గిందని రాస్తే, ఎగ్జామినర్ "టెక్నీషియన్ మారాడా, ప్రాసెస్ మారిందా" అని ఒక్క మాట అడిగితే జవాబుండదు.

ఆ తర్వాత చెక్‌షీటు. ఒక ఏ4 కాగితం, అడ్డంగా తేదీలు, నిలువుగా కారణాలు, జరిగినప్పుడల్లా ఒక గీత. యాప్ చేయకండి, కాగితమే పెట్టండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఎవరూ టచ్ స్క్రీన్ మీద ఎంట్రీ కొట్టరు. నెల తిరిగేసరికి పారెటో, అంటే కారణాలని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చిన బొమ్మ, దానంతటదే కనిపిస్తుంది, ఒకటో రెండో కారణాలే ఎక్కువ భాగం మోస్తుంటాయి. ఒక లోపానికి ఉన్న కారణాలన్నీ ముళ్లలా గీసే చేపముల్లు బొమ్మ కూడా వేయండి, కానీ మీరొక్కరే హాస్టల్ గదిలో కూర్చుని వేయకండి. టెక్నీషియన్, కౌంటర్ అమ్మాయి, శాంపిళ్లు బండి మీద తెచ్చే కుర్రాడు, ముగ్గురినీ టీ దగ్గర కూర్చోబెట్టి వేయించండి. సీరం ట్యూబు గడ్డకట్టడానికి అరగంట ఆగాలని పుస్తకంలో ఉంటుంది. రద్దీలో ఆగరని, ఆగకుండా తిప్పేస్తే సన్నటి పోగుల్లాంటివి మెషీన్ సూదికి అడ్డం పడి శాంపిల్ మళ్లీ పెట్టాల్సి వస్తుందని టెక్నీషియన్ చెప్తేనే తెలుస్తుంది. ఆ తొందర ఎవరి కోసం? కౌంటర్ ముందు నిలబడి "ఇంకా కాలేదా" అని అరుస్తున్న జనం కోసం. అంటే ఫోన్ లింకు పనిచేయకపోవడం వల్ల వచ్చిన జనమే లోపల శాంపిల్‌ని పాడుచేస్తున్నారు, పాడైన శాంపిల్ ఇంకా ఆలస్యమై ఇంకొంతమందిని కౌంటర్ దగ్గరికి తెస్తోంది. ఆ గుండ్రంగా తిరిగే బాణం గీయగలిగితే మీ ప్రాజెక్టుకి వెన్నెముక దొరికినట్టే.

రోజువారీ లెక్కకి పీ చార్ట్

రోజూ ఉండే ఊగిసలాట ఏదో, నిజంగా మారింది ఏదో పై గీత, కింది గీత పెట్టి చూపించేది కంట్రోల్ చార్ట్, లోపాల నిష్పత్తికి వేస్తే దాన్నే పీ చార్ట్ అంటారు. ఈ ఆలోచన వాల్టర్ షూహార్ట్ అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ 1924 మే 16న తన పై అధికారికి రాసిచ్చిన ఒక చిన్న నోట్‌తో మొదలైంది. ఆయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ పిలుపు మీద 1947-48లో మన దేశానికి కూడా వచ్చారు. ఆ సంస్థలోనే గణాంక శాస్త్రవేత్త, మన సి.ఆర్.రావు గారు దశాబ్దాలపాటు పనిచేశారు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మనిషి. హైదరాబాద్ హబ్సిగూడలో ఆ సంస్థ కేంద్రం ఉంది, స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ విభాగంతో సహా. దగ్గర్లో ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి రండి.

లెక్క చూద్దాం. ఊరికే అనుకుందాం, రోజుకి 100 శాంపిళ్లు, సగటున 4 రిజెక్ట్ అవుతున్నాయి. నిష్పత్తి 0.04. దాన్ని 0.96తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీస్తే 0.0196 వస్తుంది. దానికి మూడింతలు 0.0588. సగటుకి కలిపితే పై గీత 0.0988, అంటే రోజుకి 9.88. కింది గీత సున్నా కంటే తక్కువ వస్తుంది కాబట్టి సున్నా అనుకోవాలి. ఇప్పుడు ఒకరోజు 7 రిజెక్ట్ అయ్యాయనుకోండి. ఓనర్‌కి 4 నుంచి 7కి పెరిగింది, దాదాపు రెట్టింపు అని కోపం వస్తుంది, టెక్నీషియన్‌ని పిలిచి తిడతాడు. చార్ట్ మాత్రం ఇది మామూలు ఊగిసలాటే, దీనికి ప్రత్యేకంగా వెతకాల్సిన కారణం ఏమీ లేదు అంటుంది. 10 వస్తే అప్పుడు వెతకాలి, ఆరోజు కొత్త సూదుల బాక్స్ తెరిచారా, కరెంటు పోయిందా, ఎవరైనా సెలవు పెట్టారా అని. వరసగా 8 రోజులు సగటు గీతకి ఒకే వైపు ఉన్నా ఏదో మారిందని అర్థం.

తిట్టాల్సిన రోజూ తిట్టకూడని రోజూ వేరుచేసి చూపించడమే ఈ చార్ట్ చేసే గొప్ప మేలు, చిన్న జీతంతో పనిచేసే మనిషికి అది చాలా పెద్ద విషయం. గీతలు వేయడానికి కనీసం 20, 25 రోజుల డేటా తీసుకోండి. రోజూ శాంపిళ్ల సంఖ్య బాగా మారుతుంటే ఏ రోజు గీత ఆ రోజుకే లెక్కకట్టాలి, ఆదివారం 30, సోమవారం 160 ఉన్నచోట ఒకే గీత పెట్టకండి.

టైము విషయంలో సగటు రాయకండి. మధ్యస్థం రాయండి, దానితోపాటు పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతలోపు అందిందో రాయండి. కౌంటర్‌కి వచ్చి గొడవపడేది ఆ పదో మనిషే.

ఇప్పుడు కస్టమర్ వైపు

టెక్నాలజీని జనం ఎందుకు తీసుకుంటారన్న దానిమీద ఎక్కువగా వాడే రెండు మోడళ్లున్నాయి. ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ ఒకటి. ఇది నాకు ఉపయోగపడుతుందా, ఇది వాడటం తేలికా, ఈ రెండు నమ్మకాల మీద వాడాలన్న ఉద్దేశం ఆధారపడుతుందని చెప్తుంది. రెండోది వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు కలిసి 2003లో అంతకుముందున్న ఎనిమిది మోడళ్లని కలిపి చేసిన యూటాట్ (యూనిఫైడ్ థియరీ ఆఫ్ యాక్సెప్టెన్స్ అండ్ యూజ్ ఆఫ్ టెక్నాలజీ). అందులో నాలుగున్నాయి: పని జరుగుతుందన్న ఆశ, ఎంత కష్టపడాలన్న అంచనా, చుట్టుపక్కలవాళ్ల ప్రభావం, వాడటానికి కావాల్సిన ఏర్పాట్లు. వయసు, ఆడామగా, అనుభవం, ఇష్టంతో వాడుతున్నారా తప్పక వాడుతున్నారా అన్నవి వీటి బలాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. ఆ చివరిదాన్ని మనవాళ్లు వదిలేస్తారు. కాగితం రిపోర్టు ఆపేసి, ఫోన్లోనే చూసుకోవాలని రూల్ పెడితే వాడకం నూటికి నూరు అవుతుంది, దాన్ని పట్టుకుని అడాప్షన్, అంటే జనం తమంతట తాము అలవాటు చేసుకోవడం, పెరిగిందని రాయడం తప్పు.

మోడల్ ఏదైనా, ప్రశ్నలు తెలుగులో ఎలా అడుగుతారన్న దాని మీదే అంతా ఉంది. ఇంగ్లిష్ స్కేలుని పదానికి పదం మార్చి, "ఈ వ్యవస్థను ఉపయోగించడం నా కార్యసాధకతను పెంపొందిస్తుందని నేను భావిస్తున్నాను" అని ఒకబ్బాయి రాసుకొచ్చాడు. షుగర్ పరీక్షకి ఆకలితో వచ్చి కూర్చున్న అమ్మమ్మని ఇది అడిగితే ఆవిడేం చెప్తుంది? "అట్నే నాయనా, ఏదో ఒకటి రాసుకో" అంటుంది, నిజంగానే అంది. దాన్నే "ఫోన్లో రిపోర్టు వస్తే మీకు ఇంకోసారి ఇంతదూరం రావాల్సిన పని తప్పుతుందా?" అని అడిగితే వెంటనే, "తప్పుతుంది గానీ డాక్టరుగారు కాయితం తెమ్మంటాడుగా" అంది. చూడండి, ఒక్క మాటలో మీ మోడల్‌లో లేని మనిషి బయటికొచ్చాడు. రిపోర్టు చూసేది డాక్టరు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని పెద్దది చేసి చూడటానికి ఇష్టపడకపోతే, పేషెంటు ఎంత నేర్చుకున్నా కౌంటర్‌కి వస్తాడు. కాబట్టి చుట్టుపక్కల పరీక్షలు రాసే డాక్టర్లలో నలుగురైదుగురిని కూడా కలిసి అడగండి.

ప్రశ్నలు తయారయ్యాక, అసలు ఇంగ్లిష్ ప్రశ్న చూడని ఇంకొకరితో ఆ తెలుగు ప్రశ్నని తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి, అర్థం నిలబడిందో లేదో చూసుకోండి. తర్వాత పదిమందిని పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించండి, ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో ఆ ప్రశ్న మార్చండి. అయిదు మెట్ల స్కేలు చదువుకున్నవాళ్లకి పర్లేదు, మిగతావాళ్లకి "అసలు కాదు, కొంచెం, బాగానే, చాలా" అని నోటితో చెప్తే సరిపోతుంది. ల్యాబ్ కోటు వేసుకుని అడగకండి, వేసుకుంటే మర్యాదకి అందరూ "బాగుందండీ" అంటారు. అభిప్రాయం కంటే పోయినసారి ఏం చేశారో అడగండి: పోయినసారి రిపోర్టు ఎక్కడ చూశారు, ఎవరి ఫోన్లో, ఎవరు తెరిచారు. మన ఇళ్లలో వాడేది మనిషి కాదు, ఇల్లు. నాన్న రిపోర్టు కూతురు తెరిచి, వాట్సాప్‌లో అన్నయ్యకి పంపి, అన్నయ్య డాక్టర్‌కి చూపిస్తాడు. అందులో వాడినట్టు ఎవరిని లెక్కేస్తారో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

శాంపిల్ సైజు 384 అని కళ్లు మూసుకుని రాయకండి. అది పెద్ద జనాభాలో ఒక నిష్పత్తిని అయిదు శాతం అటూ ఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో అంచనా వేయడానికి వచ్చే లెక్క. మీరు రెండు గుంపుల్ని పోల్చాలనుకున్నా, ఏది దేని మీద ప్రభావం చూపుతుందో బాణాలతో లెక్కకట్టే పాత్ మోడల్ నడపాలనుకున్నా దానికి లెక్క వేరు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటింది కాబట్టి స్కేలు మంచిదని ఒక్క లైనుతో తేల్చేయకండి, ఒకే ప్రశ్నని మూడు రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా పెరుగుతుంది.

రెండు పట్టికలూ ఒకే బిల్లు నంబరు మీద కలపండి

ప్రాజెక్టుకి ప్రాణం ఇక్కడుంది. ఒక్కో బిల్లుకి ఒక వరుస. అందులో ఏ పరీక్ష, శాంపిల్ మళ్లీ తీశారా, చెప్పిన టైముకి రిపోర్టు అందిందా, లింకు తెరిచారా, కౌంటర్‌కి వచ్చారా, వయసు, మొదటిసారా పాత కస్టమరా. కౌంటర్‌కి వచ్చారా అన్నది సాఫ్ట్‌వేర్‌లో ఉండదు, కౌంటర్లో ఒక రిజిస్టర్ పెట్టి ప్రింట్ ఇచ్చిన ప్రతి బిల్లు నంబరూ రాయించాలి. ఆ రిజిస్టర్ రాసే మనిషికి రోజూ ఆ పని ఎందుకో చెప్పండి, టీ ఇప్పించండి, పేరు థీసిస్‌లో పెట్టమంటారా అని అడగండి.

ఇంకో లెక్క అనుకుందాం. టైముకి అందిన బిల్లులు 200, అందులో కౌంటర్‌కి రానివాళ్లు 120. ఆలస్యమైనవి 100, అందులో రానివాళ్లు 30. అంటే అరవై శాతం ఒకవైపు, ముప్పై శాతం ఇంకోవైపు. సంబంధమే లేకపోయుంటే మొత్తం మీద సగం కాబట్టి రానివాళ్లు 100, 50 ఉండాలి. ఈ తేడా ఊరికే వచ్చిందా కాదా తేల్చే కై స్క్వేర్ వేస్తే 4, 4, 8, 8 కలిపి 24. అయిదు శాతం స్థాయికి దాటాల్సింది 3.84 మాత్రమే. సంబంధం ఉందనడానికి ఆధారం గట్టిగా ఉంది.

కానీ ఇక్కడే ఆగి సంబరపడకండి. ఆలస్యమయ్యే పరీక్షలు వేరే రకం కావచ్చు, కల్చర్ పరీక్షకి రోజులు పడుతుంది, దాన్ని చేయించుకునేవాళ్లు పెద్ద జబ్బుతో ఉన్నవాళ్లు కావచ్చు, వాళ్లు ఎలాగూ డాక్టర్ దగ్గరికి వస్తారు కాబట్టి కాగితం కావాలి. అందుకని ఒకే రకం పరీక్షల్ని, ఉదాహరణకి షుగర్, థైరాయిడ్, బ్లడ్ కౌంట్ విడివిడిగా తీసుకుని అదే పట్టిక మళ్లీ వేయండి. వయసు కూడా విడగొట్టండి. ఇవన్నీ ఒకేసారి పెట్టాలంటే వచ్చారా రాలేదా లాంటి ఫలితం మీద చాలా కారణాల ప్రభావాన్ని కలిపి అంచనా వేసే లాజిస్టిక్ రిగ్రెషన్ వాడండి. స్మార్ట్ పీఎల్ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత్ మోడల్ బాణాలు గీయడం కంటే ముందు ఈ చిన్న పట్టికలు చూసుకోవడం మంచిది, తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

మార్పు పెట్టి చూడటం

మేం ల్యాబ్ వాళ్లతో మాట్లాడి పెట్టించినవి మూడే. పీడీఎఫ్ నిజంగా ఎక్కాకే మెసేజ్ వెళ్లేలా మార్చడం. సీరం ట్యూబుల స్టాండు పక్కన అరగంట టైమర్ పెట్టడం, వంటింట్లో వాడే మామూలు టైమర్. మూడోది అన్నిటికంటే చిన్నది: బిల్లు కొట్టేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి" అనే మాట మార్చి, "రిపోర్టు ఎవరి ఫోన్లో చూసుకుంటారు?" అని అడగడం. నంబరు చెప్పమంటే జనం నోటికొచ్చిన నంబరో, కొడుకు నంబరో చెప్తారు. ఎవరి ఫోన్లో చూస్తారంటే ఒక్క క్షణం ఆలోచించి, "మా మనవరాలి ఫోన్‌కి పంపండి" అంటారు.

మూడింటినీ ఒకేరోజు పెట్టకండి, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కనీసం రెండు మూడు వారాలు, ప్రతి మార్పు తేదీ చార్ట్ మీద నిలువు గీతగా గీయండి. ల్యాబ్‌కి రెండు బ్రాంచిలుంటే ఇంకా మంచిది, ఒకచోట ముందు, ఇంకోచోట నెల తర్వాత పెట్టండి. పండగలు, వైరల్ జ్వరాల రోజులు గుర్తుపెట్టుకోండి. వానాకాలంలో డెంగీ పరీక్షల రద్దీలో మొదలుపెట్టి, అది తగ్గిన నవంబరులో "మెరుగైంది" అని చూపిస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

క్యూ విషయంలో లిటిల్ సూత్రం ఓనర్‌కి చెప్పి చూడండి, వెంటనే పట్టుకుంటారు: గంటకి వచ్చేవాళ్లని ఒక్కొక్కరు ఉండే గంటలతో గుణిస్తే లోపల ఉండే జనం వస్తారు. గంటకి 30 మంది వచ్చి, ఒక్కొక్కరు 20 నిమిషాలు ఉంటే సగటున 10 మంది లోపల ఉంటారు. ఖాళీ పేజీ చూసి వచ్చే జనం తగ్గి గంటకి 21 మందే వస్తే అది 7 అవుతుంది. కొత్త కుర్చీలు కొనక్కర్లేదు.

అనుమతుల విషయం వదలకండి. ఇవి మనుషుల ఆరోగ్య వివరాలు. ల్యాబ్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, మీ దగ్గరికి వచ్చే ఫైల్లో పేర్లు, ఫోన్ నంబర్లు ఉండకూడదు, బిల్లు నంబరు కూడా వేరే కోడ్‌గా మార్చి ఇవ్వమనండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం గురించి గైడ్‌ని అడిగి తెలుసుకోండి. వాట్సాప్‌లో ఎక్సెల్ షీట్ పంపమని ల్యాబ్ వాళ్లని ఎప్పుడూ అడగకండి.

థీసిస్ రాసేటప్పుడు పనిచేయనివి కూడా రాయండి. టైమర్ పెట్టిన మొదటి వారం ఎవరూ దాన్ని నొక్కలేదు, రద్దీలో గుర్తులేదన్నారు. స్టాండు జాగా మార్చి సెంట్రిఫ్యూజ్ మూత ఎదురుగా పెట్టాకే అలవాటైంది. ఇలాంటి పేరా ఒకటి ఉంటే తర్వాత చేసే స్టూడెంట్‌కి నెల రోజులు కలిసొస్తుంది.

వైవా అయిపోయాక మూడు నెలలకి ఒకసారి చెప్పకుండా ఆ ల్యాబ్‌కి వెళ్లండి, ఊరికే రక్తపరీక్షకి వచ్చినట్టు. గోడ మీద చార్ట్‌లో చివరి చుక్క ఏ తేదీది ఉందో చూడండి. కౌంటర్లో కొత్త అమ్మాయి ఉంటే, ఆవిడ మిమ్మల్ని నంబరు చెప్పమంటుందా, ఎవరి ఫోన్లో చూసుకుంటారని అడుగుతుందా వినండి. ఆ రెండూ మీ గైడ్‌కి ఫోన్ చేసి చెప్పండి, పేపర్ పంపేముందు చివరి పేరాలో వేయించుకుంటారు.